కేశ తీర్మానం, అనుబంధం-ఎ

"తెలుగు సంస్కృతి తలవెంట్రుకల్లో ఉంది!" అని మా అధ్యక్షులు వీరభద్రరావుగారు ప్రకటించగానే తల మీద వెంట్రుకలున్నవాళ్లం అందరం చప్పట్లు కొట్టాం. లేనివాళ్లు మాకంటే గట్టిగా కొట్టారు.

ఈ చారిత్రక ఘట్టం ఎడిసన్‌లో, ఆయనగారి ఇంటి బేస్‌మెంట్‌లో, ఫర్నేసుకీ ట్రెడ్‌మిల్‌కీ మధ్య జరిగింది. మా 'మధ్య న్యూజెర్సీ తెలుగు సంస్కృతీ పరిరక్షణ సమితి' సమావేశాలన్నీ అక్కడే. సమోసాల ట్రే ట్రెడ్‌మిల్ మీద పెడతారు. ఆ యంత్రానికి అంతకు మించిన శ్రమ ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

నేను సమితికి మినిట్స్ రాసే మనిషిని. ఎన్నికై కాదు. కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయడం వచ్చని తొమ్మిదేళ్ల కిందట నోరు జారాను. అప్పట్నుంచి రాస్తూనే ఉన్నాను, ఎవరూ చదవకుండానే ఉన్నారు. ప్రతి సమావేశంలోనూ గత మినిట్స్‌ని 'చదివినట్టుగా భావించి' ఆమోదించడం మా ఆచారం. తర్వాత అవి నాలుగు వందల ఇరవై మంది సభ్యులకి ఈమెయిల్‌లో వెళ్తాయి. వాళ్లూ చదివినట్టుగానే భావిస్తారు.

ఇంతకీ సంస్కృతికి ముంచుకొచ్చిన ప్రమాదం పేరు నైనిక. మా మరిది జితేందర్ కూతురు, పదిహేడేళ్లది. వాళ్లమ్మ డెనీస్ ట్రెంటన్‌లో పుట్టి పెరిగిన ఆఫ్రికన్ అమెరికన్ పిల్ల, నర్సు. డెనీస్‌కి తెలుగులో మూడే మాటలు వచ్చు: అక్కా, చాలు, ఇంకొంచెం. మా ఇంట్లో భోజనానికి ఆ మూడూ సరిపోతాయి. నైనికకి కళ్లు మావాళ్లవి, జుట్టు తల్లిది. దువ్వెనల్ని విరిచేసేంత చిక్కటి ఉంగరాల జుట్టు. పదేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. ప్రోగ్రామ్ వచ్చినప్పుడల్లా ఆ జుట్టుని ఇస్త్రీ చేసి, సాగదీసి, వెనక సవరం కట్టి స్టేజి ఎక్కించేవాళ్లం. రెండుసార్లు చెవి కాలింది. నుదుటి దగ్గర జుట్టు రాలడం మొదలైంది. పోయిన వేసవిలో డెనీస్ "చాలు" అంది. ఆ మాట ఆవిడకి వచ్చని ముందే చెప్పానుగా!

ఒక శనివారం పొద్దున నైనికని స్టూలు మీద కూర్చోబెట్టి లాక్స్, అంటే జుట్టంతా తాళ్లలాంటి పాయలుగా గట్టిపడేలా చేయడం, మొదలుపెట్టాం. తలని నారుమళ్లలా చిన్న చిన్న చదరాలుగా పాపిట తీయడం, ఒక్కో చదరంలోని జుట్టుని ఒక్కో పాయగా మెలితిప్పడం, క్లిప్పు పెట్టడం. అంతే! గ్లూ లేదు, మందు లేదు. ఆ మెలికలే నెలల తరబడి లోలోపల అల్లుకుని గట్టిపడతాయి. నేను క్లిప్పులందించే ఉద్యోగంలో చేరాను. తొంభై నాలుగు పాయలయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. నేను కొబ్బరినూనె సీసాతో హాజరైతే డెనీస్ రెండు చుక్కలు తీసుకుని "చాలు, అక్కా" అంది. ఎక్కువైతే పాయ లోపల మురికి పేరుకుంటుందట. మా అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన నా నూనె పాండిత్యమంతా ఆ రెండు చుక్కలతో ముగిసింది.

అప్పట్నుంచి వారం వారం తలంటు, పూర్తిగా ఆరబెట్టడం, పడుకునేప్పుడు శాటిన్ టోపీ, ఐదు వారాలకోసారి కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగిన జుట్టుని మళ్లీ మెలితిప్పడం. ఆ తలకి మేం చేసినంత సేవ మా సమితి సంస్కృతికి చేసి ఉండదు.

ఉగాదికి ప్రారంభ నృత్యం నైనికది. కాలేజీకి వెళ్లిపోయే ముందు ఇక్కడ ఇదే ఆఖరి ఉగాది. రిహార్సల్ చూడ్డానికి వచ్చిన కనకదుర్గగారు ఆ తల చూసి గుండె పట్టుకున్నారు. ఆవిడ సాంస్కృతిక విభాగం అధ్యక్షురాలు, వీరభద్రరావుగారి సతీమణి. రెండో హోదా వల్లే మొదటిది పుట్టింది.

బేస్‌మెంట్‌లో అత్యవసర సమావేశం అందుకే.

"ఏమిటండీ ఆ తాళ్లు? అసలు తలంటుకుంటుందా ఆ పిల్ల?" అన్నారు కనకదుర్గగారు.

"వారం వారమండీ" అన్నాను.

"దువ్వుకోదటగా!"

"దువ్వక్కర్లేదండీ, అవి..."

"దువ్వక్కర్లేని జుట్టు సొంత జుట్టెలా అవుతుందమ్మా? గ్లూ పెట్టి అతికిస్తారు. యూట్యూబ్‌లో చూశాను. ఫేక్! రంగు కూడా వేసినట్టున్నారు, చివర్లు ఎర్రగా ఉన్నాయి."

కార్యవర్గం నిట్టూర్చింది. కనకదుర్గగారు గొంతు తగ్గించి కరుణ కురిపించారు. "నైనిక మన పిల్లే. కాదన్నామా? పచ్చడి కౌంటర్ ఇద్దాం. అక్కడ ఎలాగూ తలకి నెట్ పెట్టుకోవాలి."

హెచ్ఆర్‌లో పనిచేసే మా కోశాధికారి తేజేశ్వర్ సమోసా పక్కన పెట్టాడు. "అన్నా, జర కేర్‌ఫుల్. ఈ స్టేట్‌లో జుట్టు మీద లా ఉంది. ఒక్క పిల్లని సింగిల్ అవుట్ చేస్తే డిస్క్రిమినేషన్ అంటరు. రూల్ పెడితే అందరికీ పెట్టాలె."

"అందరికీ పెడదాం! రాయమ్మా" అన్నారు వీరభద్రరావుగారు నాకేసి తిరిగి. "వేదిక ఎక్కే ప్రతి ఒక్కరి జుట్టూ సహజంగా ఉండాలి."

"సహజం అంటే ఏం రాయమంటారండీ? రేపెవరైనా వాదనకి దిగితే?" అన్నాను అమాయకంగా.

కనకదుర్గగారు వేళ్లు మడిచారు. "సొంత జుట్టై ఉండాలి. అతికించింది, తగిలించింది కాకూడదు. రంగు వేయకూడదు. మందులు పెట్టి తీరు మార్చకూడదు. దేవుడిచ్చింది దేవుడిచ్చినట్టుండాలి!"

"ప్రతి ఒక్కరూ అంటే... అందరూనా అండీ?"

"అందరూ అంటే అందరే! లా అలాగే ఉందంటున్నాడుగా!"

నేను రెండుసార్లు అడిగాను. అది కూడా మినిట్స్‌లో ఉంది.

తేల్చేదెవరు? ఓక్‌ట్రీ రోడ్డులో పార్లర్ నడిపే హాసిని. "ఆ అమ్మాయికి తెలియని జుట్టు ఎడిసన్‌లో ఉందా?" అన్నారు కనకదుర్గగారు గర్వంగా. నివేదిక రాతపూర్వకంగా, పేర్లతో సహా ఉండాలనీ, మినిట్స్‌కి జతచేయాలనీ వీరభద్రరావుగారు పట్టుబట్టారు. తీర్మానం ఏకగ్రీవం!

సంగతి నైనికకి చెప్పాను.

"సో, నన్ను పచ్చడి దగ్గర పెడతారు?"

"హాసిని చూసి చెప్పాక."

"స్ట్రెయిట్ చేసినప్పుడు ఆంటీలు అందరూ ప్రెట్టీ అన్నారు, పెద్దమ్మా. చెవి బర్న్ అయింది ఎవరూ చూడలేదు." చేత్తో ఒక పాయని వేలికి చుట్టుకుంది. "నేను జుట్టు కట్ చేయను. డాన్స్ మానను. రెండూ నాదే."

నాకు అంతవరకూ సరదాగానే ఉన్న వ్యవహారంలో అక్కడ సరదా తగ్గింది.

ఉగాదికి ముందురోజు హైస్కూల్ ఆడిటోరియంలో తనిఖీ. మా సమితిలో వేదిక ఎక్కనివాళ్లంటూ ఉండరు. జ్యోతి వెలిగించేవాళ్లు పదకొండు మంది, శాలువాలు కప్పేవాళ్లు, కప్పించుకునేవాళ్లు, వాళ్లని పిలిచేవాళ్లు, నాట్యం చేసే పిల్లలు... జాబితాలో అరవై మూడు పేర్లు. మొదటి పేరు నైనిక. కనకదుర్గగారు పచ్చడి కౌంటర్ హెయిర్ నెట్ చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డారు.

హాసిని లైటు వేసి, పాయలు ఒక్కొక్కటే ఎత్తి, కుదుళ్లు పట్టి లాగి చూసింది. "హండ్రెడ్ పర్సెంట్ సొంత జుట్టు, ఆంటీ. అతుకు లేదు, కెమికల్ లేదు. చివర్లు ఎండకి ఎరుపెక్కాయి, అంతే. స్కాల్ప్ ఎంత క్లీన్‌గా ఉందో చూడండి! పాస్."

"సరే, సరే. ఇక పదండి" అన్నారు కనకదుర్గగారు, నెట్ మడుస్తూ.

"ఆగండాంటీ, ఇంకా అరవై రెండు పేర్లున్నాయి. నెక్స్ట్ మీరే. మీకు చూడక్కర్లేదులెండి. జుట్టు సాగదీసే కెరటిన్ మందు నేనే పెట్టాను, రంగు మూడు వారాలకోసారి. జడలో సవరం కూడా..."

"నెమ్మదిగా మాట్లాడవే!"

"మాట్లాడ్డం లేదాంటీ, రాస్తున్నాను. రాతపూర్వకంగా అన్నారుగా."

ఆడిటోరియంలో తలలు వెనక్కి జరగడం మొదలైంది. హాసిని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. తేజేశ్వర్ తల మీదున్నది సొంత నలుపే, గడ్డం కాదు. "గడ్డం జుట్టు కాదా అన్నా?" అంటే హెచ్ఆర్ రుమాలుతో గడ్డం కప్పుకుంది. ఆ లెక్కన బట్టతలలవాళ్లు మీసాల రంగుతో, నాట్యం చేసే పిల్లలు జడల్లోని సవరాలతో దొరికిపోయారు. వీరభద్రరావుగారు ఎగ్జిట్ తలుపు దాకా వెళ్లారు.

"అంకుల్! మీ హెయిర్ ప్యాచ్‌కి టేపు మార్చాలి, వెనకాల లేస్తోంది!"

నా వంతూ వచ్చింది. నాది హెన్నా అని ఓక్‌ట్రీ రోడ్డు పొడుగునా చెప్పుకున్నదాన్ని. హాసిని 'బర్గండీ, డబ్బా రంగు' అని రాసింది. సంస్కృతి కోసం భరించాను.

తుది ఫలితం: అర్హులు ఇద్దరు. ఒకరు నైనిక. రెండోది, మొన్ననే పిట్స్‌బర్గ్ గుడిలో గుండు చేయించుకొచ్చిన నాలుగేళ్ల పాప. తీర్మానం ప్రకారం జ్యోతి వెలిగించడం, శాలువాలు కప్పడం, కప్పించుకోవడం, వందన సమర్పణ, అన్నీ ఇక వీళ్లిద్దరే పంచుకోవాలి.

గ్రీన్‌రూమ్‌లో అత్యవసర సమావేశం. నలభై సెకన్లు పట్టింది.

"జుట్టు వ్యక్తిగత విషయం!" అని గర్జించారు వీరభద్రరావుగారు, ఒక చెయ్యి తల వెనక పెట్టుకుని. "ఇందులో సమితి జోక్యం అప్రజాస్వామికం!"

రద్దు. ఏకగ్రీవం!

ఉగాది రోజు నైనిక తొంభై నాలుగు పాయలూ కలిపి ఒక్క జడగా అల్లి, మల్లెలు చుట్టి, జడకుచ్చులు వేశాం. సవరం అవసరమే రాలేదు. ఆ పిల్ల గిర్రున తిరిగినప్పుడు జడ ఆలస్యంగా తిరిగి వచ్చి నడుముకి తగిలింది. డెనీస్ నా చెవిలో "ఇంకొంచెం" అంది. హాలంతా లేచి నిలబడింది. కనకదుర్గగారు వెంటనే మైకు అందుకున్నారు. "సహజమైన జుట్టుని మా సమితి మొదటి నుంచీ ప్రోత్సహిస్తూ వస్తోందని సగర్వంగా..."

పచ్చడి కౌంటర్లో ఆ రోజు అధ్యక్షులవారే స్వయంగా సేవ చేశారు. తలకి నెట్ పెట్టుకుని. టేపు మార్చే తీరిక దొరకలేదట.

వెళ్తూ వెళ్తూ కనకదుర్గగారు నన్ను పక్కకి పిలిచారు. "ఆ తీర్మానం మినిట్స్‌లోంచి తీసేయమ్మా. మనం అలా ఎప్పుడూ అనలేదు."

"తీసేస్తానండీ."

తీసేశాను. మాట తప్పే మనిషిని కాను. హాసిని నివేదిక తీసేయమని మాత్రం ఎవరూ అనలేదు. అది అనుబంధం-ఎ. అరవై మూడు పేర్లు, ఎదురుగా వివరాలు. తర్వాతి సమావేశంలో చదివినట్టుగా భావించి ఆమోదించారు. అధ్యక్షులు సంతకం పెట్టారు. నేను యథావిధిగా నాలుగు వందల ఇరవై మందికి పంపించాను.

మర్నాడు శనివారం. నైనిక కుదుళ్లు మెలితిప్పే రోజు. నేను క్లిప్పులు అందిస్తున్నాను. పొద్దుట్నుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. కనకదుర్గగారు తొమ్మిదిసార్లు, వీరభద్రరావుగారు ఏడుసార్లు.

"ఎవరు పెద్దమ్మా? ఎమర్జెన్సీనా?" అంది నైనిక, తల కదపకుండా.

"శుభవార్తే తల్లీ" అన్నాను. "తొమ్మిదేళ్లలో మొదటిసారి నా మినిట్స్ ఎవరో చదివారు."