స్కర్టు వేసిన రోజు వాన పడదు

ఆయన్ని వీధిలో అందరూ మబ్బులాయన అంటారు. వాతావరణ కార్యాలయంలో ఉద్యోగం కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆయన నమ్మకం. ఎదురుగా మనిషి నిలబడి మాట్లాడుతున్నా ఆ మనిషి నెత్తి మీదుగా ఆకాశంలోకి చూస్తూ ఊఁ కొడతాడు కాబట్టి వచ్చిందని వీధి నమ్మకం. వీధిదే నిజం కావచ్చు.

ఆఫీసు ఊరి చివర గుట్ట మీద ఉంటుంది. ఒక పెద్ద తెల్ల బెలూన్‌లో గ్యాసు నింపి, దాని కింద ఒక చిన్న పారాచూటూ, ఆ పారాచూటు కింద వేడీ తేమా కొలిచే ఒక బుల్లి పెట్టే కట్టి పైకి వదలడం ఆయన పని. రోజుకు రెండుసార్లు ఈ వైభవం. బెలూన్ పైకి పోయి ఎక్కడో పగులుతుంది, పెట్టె పారాచూటు పట్టుకుని ఎక్కడో దిగుతుంది. దగ్గర్లో దిగితే వెతికి తెచ్చుకోవడం కూడా ఆయన పనే. ఇన్నేళ్ళుగా ఆకాశంలోకి పంపినవన్నీ కిందే దొరుకుతున్నా, ఆయన మాత్రం పైకే చూస్తాడు.

వాళ్ళావిడ నర్సరీలో పని చేస్తుంది. మొక్కలకు అంటు కడుతుంది, కుండీల్లో మట్టి మారుస్తుంది, అవసరమైతే చెట్టెక్కి కొమ్మ కోస్తుంది. ఆవిడ చూపంతా నేల మీదే. అలా ఆ ఇంట్లో పైన ఒకరు, కింద ఒకరు కాపలా ఉండటం వల్ల మధ్యలో జరిగేవి ఇద్దరికీ కనబడేవి కావు. బీరువా కింది అర ఎప్పుడు పుచ్చిపోయిందో, ఎప్పుడు విరిగిందో అలాగే ఎవరూ చూసుకోలేదు.

అర విరిగితే గొడవేముంది అంటారా. మిగిలినవి మూడు అరలు. ఒకటి ఆయనకి, ఒకటి దుప్పట్లకి, ఒకటి ఆవిడకి. ఆవిడ అరలో జీన్సులైనా పడతాయి, స్కర్టులైనా పడతాయి. రెండూ పట్టవు. ఏడాది పొడుగునా రోజూ వేసుకోవడానికి ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఆవిడ అరనిమిషంలో తేల్చేసింది. జీన్సులు ఉంటాయి, ఆరు స్కర్టులూ ఆదివారం వచ్చే అక్కయ్యతో వెళ్ళిపోతాయి.

ఆ మాట వినగానే ఆయన గుండె జారి విరిగిన అరలోనే పడింది.

ఎందుకంటే ఆ ఆరు స్కర్టులూ ఆయన కొన్నవే, పెళ్ళిరోజుకు ఒకటి చొప్పున. వాటి వెనక ఏడేళ్ళ నాటి ఒక ఉదయం ఉంది. ఆ రోజు హోరుమని గాలి. ఆయన పెట్టెను వెతుక్కుంటూ నర్సరీ వైపు వెళ్ళాడు. తలెత్తితే ఆకాశంలోంచి దిగి వచ్చినట్టు ఒక అమ్మాయి వస్తోంది. నారింజ రంగు స్కర్టు గాలికి గొడుగులా విచ్చుకుని ఊగుతోంది. ఆ తర్వాత ఏం మాట్లాడాడో, పెట్టె ఎక్కడ దొరికిందో, ఆఫీసుకు ఎలా తిరిగి వెళ్ళాడో ఆయనకు గుర్తు లేదు. ఆ రంగు ఒక్కటే గుర్తుంది. కళ్ళు మూసుకుంటే చాలు, ఇప్పటికీ ఊగుతుంది.

ఆ రంగు కోసం ఏటా దుకాణాలన్నీ తిరిగాడు. ఒక ఏడు తెచ్చింది టమాటా రంగులో తేలింది, ఒక ఏడు ఇటుక రంగులో, ఒక ఏడు పసుపు ముద్దలా. ఆవిడ ప్రతిదాన్నీ ఆ ఒక్క రోజు వేసుకుని, బాగుందండీ అని మడతపెట్టేది. మరి నాటి స్కర్టు ఏమైందని ఆయన ఎన్నడూ అడగలేదు. అడిగితే చిరిగిపోయిందని చెబుతుందేమోనని భయం. కానీ ఆరు స్కర్టులు ఇంట్లో ఉన్నంతకాలం, ఎప్పుడో ఒక గాలి రోజున ఆ ఉదయం మళ్ళీ వచ్చి వాకిట్లో నిలబడుతుందని ఆశ. అవి కూడా వెళ్ళిపోతే ఇక ఆ ఉదయానికి అడ్రసు ఉండదని ఆయన బెంగ.

అందుకని కాగితం, పెన్సిలు తీసుకుని వాదనకు దిగాడు. ఎండాకాలం జీన్సులో కాళ్ళు ఉడికిపోతాయి, స్కర్టయితే గాలి ఆడుతుంది అన్నాడు. కలుపు తీసేటప్పుడు నేలకు ఆనేది మోకాళ్ళే గానీ గాలి కాదని ఆవిడ అంది. చలికాలం మందపాటి స్కర్టు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు అన్నాడు. మేజోళ్ళు ఎవరు ఉతుకుతారని అడిగింది. ఆయన ఆ కాలాన్ని కొట్టేసి వానాకాలానికి వచ్చాడు.

"జీన్సు తడిస్తే మూడు రోజులు ఆరదు. గోడకు ఆనిస్తే మనిషిలా నిలబడుతుంది. మొన్న చీకట్లో దానికి దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాను కూడా. స్కర్టయితే గంటలో ఆరిపోతుంది."

ఈ ఒక్కదానికి ఆవిడ ఒక మెట్టు దిగింది. వాన రోజు స్కర్టు అంచంతా బురదేనని, వాన లేని రోజయితే చూద్దామని అంది. ఆయన ఆ సందు చూసి దూరిపోయాడు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు రోజులు పందెం. రోజూ పొద్దున్నే వాన ఉందో లేదో ఆయన చెబుతాడు. ఉంటే జీన్సు, లేకపోతే స్కర్టు. స్కర్టు రోజులు ఎక్కువైతే స్కర్టులు ఉంటాయి. సమానమైనా సరే, అక్కయ్య సంచిలోకి వెళతాయి.

"ఒక్క షరతు. అబద్ధం చెప్పకూడదు" అంది ఆవిడ.

"వాన విషయంలో నేనా?" అన్నాడాయన, నిజంగానే నొచ్చుకుని. ఇరవై రకాల విషయాల్లో ఆయన మాట మీద నిలబడకపోవచ్చు గానీ, వాన గురించి ఏనాడూ అబద్ధం ఆడలేదు.

సోమవారం ఎండ, స్కర్టు. మంగళవారం వాన, జీన్సు. ఇంతవరకూ ఇది ఇంటి గొడవే. కానీ ఎదురింటి లాండ్రీ పిన్నిగారు బట్టలు తీసుకుంటూ సంగతి విని, బుధవారం నుంచి తన వ్యాపారాన్ని ఈ పందేనికి ముడిపెట్టింది. రేడియోలో అక్కడక్కడ జల్లులు అంటారట. ఆ అక్కడ అనేది తన డాబాయో పక్కవాళ్ళ డాబాయో ఎలా తెలుస్తుందని పిన్నిగారి ప్రశ్న. అదే మబ్బులాయన భార్య స్కర్టులో బయటికొస్తే ఇక అనుమానం లేదు. బుధవారం స్కర్టు, చుక్క పడలేదు. గురువారం జీన్సు, కుండపోత. శుక్రవారం స్కర్టు, పెళపెళ ఎండ. ఆ సాయంత్రానికి వీధిలో ఆవిడ బట్టల్ని చూడకుండా ఎవరూ చేతిగుడ్డ కూడా ఆరేయడం లేదు.

లెక్క మూడు, రెండు. శుక్రవారం సాయంత్రం బెలూన్ పంపిన అంకెలు చూసి ఆయన కూలబడ్డాడు. శనివారం మధ్యాహ్నం లోపలే పెద్ద వాన. ఆఫీసు కాగితం మీద మాత్రం నిజాయితీగా భారీ వర్షం అని రాసి సంతకం పెట్టి ఇంటికొచ్చాడు.

శనివారం పొద్దున ఆవిడ బీరువా తలుపు పట్టుకుని, ఏమంటుంది మీ ఆకాశం అని అడిగింది. ఆయన పైకప్పు వైపు చూశాడు. అక్కడ ఎప్పటిదో నారింజ రంగు ఊగుతున్నట్టు ఉంది.

"ఎండ" అన్నాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. అన్నిటికంటే పొడుగ్గా ఉండే ఇటుక రంగు స్కర్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆయన గెలిచినట్టు ఒక్కసారి కూడా నవ్వకుండా చెప్పులు వెతుక్కున్నాడు.

ఆఫీసులో అడుగు పెట్టాడో లేదో పెద్దసారు పిలిచారు. చేతిలో శుక్రవారం కాగితం, దాని మీద ఎర్ర గీత.

"ఏమయ్యా, ఇక్కడ భారీ వర్షం అని రాశావు. మీ ఆవిడ స్కర్టులో వెళ్ళడం నేను కళ్ళారా చూశాను."

పెద్దసారు ఇల్లు కూడా అదే వీధి చివర. మబ్బులాయన నీళ్ళు నమిలాడు. యంత్రాలు అలా చెప్పాయి సార్ అని గొణిగాడు.

"యంత్రాలకు సంసారం ఉందా? ఇంట్లో భార్యకు చెప్పిందే అసలు మాట. ముప్పై ఏళ్ళ సర్వీసయ్యా నాది" అని పెద్దసారు పొడి వాతావరణం అని దిద్ది పంపేశారు. ఊరంతటికీ అదే వెళ్ళింది.

ఆయన మేడ మీదికెక్కి, బెలూన్లను చూసే దుర్భిణిని మొదటిసారి కిందికి తిప్పి తన వీధి వైపు చూశాడు. పిన్నిగారి డాబా తెల్లగా ఉంది. పక్క డాబా కూడా తెల్లగా ఉంది. ఆ పక్కదీ అంతే. పిన్నిగారికి హోటల్ వాళ్ళ దుప్పట్లు రెండు వందలు వచ్చాయి, అవి వీధి వీధంతా పరుచుకుని గాలికి ఎగురుతున్నాయి. చూడ్డానికి ఎంతో బాగుంది. ఒక నిమిషం అలాగే మైమరిచి చూశాడు. తర్వాత వాటి వెనక నల్లటి మబ్బు కనబడింది.

పరుగున పెద్దసారు దగ్గరికి వెళ్ళి, ఇంట్లో అబద్ధం చెప్పానండీ అన్నాడు. అది మీ ఇంట్లో చెప్పుకోవయ్యా, నాకెందుకు అని పెద్దసారు విసుక్కున్నారు. రెండు క్షణాల తర్వాత, తను దిద్దిన కాగితం గుర్తొచ్చి పెద్దసారు ముఖం కూడా మబ్బు రంగుకు తిరిగింది. ఇద్దరూ గుట్ట దిగి పరుగెత్తారు.

సగం దారిలోనే వాన అందుకుంది. వీధికి చేరేసరికి డాబాల మీద జనం, అరుపులు, దుప్పట్లు. పిన్నిగారు క్లిప్పులు నోట్లో పెట్టుకుని తిడుతోంది కాబట్టి ఎవరిని తిడుతోందో తెలియడం లేదు. మబ్బులాయన ఉత్సాహంగా ఒక దుప్పటి లాగితే తీగతో సహా పది వచ్చి మీద పడ్డాయి. ఆయన లోపల గిజగిజలాడుతుంటే పెద్దసారు దొంగ దొరికాడనుకుని గొడుగుతో రెండు వేశారు.

దుప్పటి తొలగించింది వాళ్ళావిడ. నర్సరీ నుంచి ముందే వచ్చేసి, సగం దుప్పట్లు అప్పటికే లోపలికి చేర్చిందట. స్కర్టు అంచు పైకెత్తి నడుములో దోపుకుంది. దాని కింద, మడమల దాకా, నీలం జీన్సు.

ఆయన దాన్నే చూస్తుంటే ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "నిన్న సాయంత్రం చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కుతున్నాయి. మీరేమో ఎండన్నారు. మీ మాట పైన వేసుకున్నాను, చీమల మాట లోపల."

తడిసినవాటిని ఎక్కడ ఆరేయాలన్నది సమస్య అయింది. వాన తగ్గేలా లేదు. ఊళ్ళో అంత పెద్ద పొడి చోటు బెలూన్లు నింపే షెడ్డు ఒక్కటే. పెద్దసారు మారు మాట్లాడకుండా తాళం ఇచ్చారు. ఆ మధ్యాహ్నమంతా వాతావరణ కార్యాలయం సిబ్బంది మొత్తం, అంటే ఇద్దరూ, దుప్పట్ల కొసలు పట్టుకుని పిండారు. పిన్నిగారు కుర్చీ వేసుకుని కూర్చుని పర్యవేక్షించింది.

సాయంత్రానికి షెడ్డంతా తెల్లటి వరసలు. బయట వాన చప్పుడు, లోపల తడి సబ్బు వాసన. దుప్పట్ల మధ్య నడుస్తుంటే మబ్బుల్లోకి వెళ్ళినట్టే ఉంది. ఆ వరసల్లో ఒకచోట ఆవిడ దొరికింది. అక్కడ ఇక దాచలేక ఆయన అంతా చెప్పేశాడు. గాలి రోజు, నారింజ రంగు, దిగి వచ్చిన అమ్మాయి, ఏటా కొన్న స్కర్టులు, అన్నీ. స్కర్టుల కోసం కాదని, ఆ ఉదయం ఇంట్లోంచి వెళ్ళిపోతుందేమోనని భయమేసిందని చెప్పాడు. చెబుతుంటే కళ్ళు చెమర్చాయి.

ఆవిడ చేతిలోని దుప్పటి కొసను తీగ మీద వేసింది. తర్వాత అంది, "నాకు నారింజ రంగు స్కర్టు ఎప్పుడూ లేదండీ."

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి, కొక్కేనికి వేలాడుతున్న వాటిలోంచి ఒకటి తీసి, నడుముకు చుట్టుకుని ముడి వేసింది. అది పారాచూటు. నారింజ రంగు పారాచూటు. రోజుకు రెండుసార్లు ఆయన తన చేత్తో బెలూన్‌కు కట్టేది.

"ఆ రోజు మీ పెట్టె మా చెట్టు కొమ్మల్లో ఇరుక్కుంది. జీన్సు వేసుకున్నాను కాబట్టి ఎక్కగలిగాను. దిగేటప్పుడు రెండు చేతులూ కావాలి కదా, ఈ గుడ్డ నడుముకు చుట్టుకున్నాను. దిగాక విప్పి మీ చేతికే ఇచ్చాను. మీరు మడిచి సంచిలో పెట్టుకున్నారు కూడా."

వెనక వరసలోంచి పిన్నిగారు, "చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే" అంది. క్లిప్పులు నోట్లో లేవు కాబట్టి ఈసారి స్పష్టంగా వినిపించింది.

ఆయన ఏదో అనబోయాడు. షెడ్డు తలుపులోంచి గాలి వచ్చింది. దుప్పట్లన్నీ ఒక్కసారి లేచాయి, వాటి మధ్య ఆ నారింజ రంగు గొడుగులా విచ్చుకుని ఊగింది. ఏడేళ్ళ నాటి ఉదయం వెతక్కుండానే వచ్చి ఎదుట నిలబడింది. అది ఎప్పుడూ ఎక్కడికీ వెళ్ళలేదని, తనే పైకి చూస్తూ ఉండిపోయాడని ఆయనకు తెలిసింది. తప్పు దొరికిన పిల్లాడిలా నవ్వాడు.

ఆదివారం అక్కయ్య వచ్చింది. స్కర్టులు సంచిలో ఆయనే సర్దాడు. ఐదు సర్దాక ఆవిడ ఆపి, ఇటుక రంగుది తీసి అరలో జీన్సుల పక్కన దూర్చింది. కాస్త నొక్కితే పట్టింది.

సోమవారం పొద్దున ఆవిడ నర్సరీకి బయల్దేరింది. కింద జీన్సు, పైన ఇటుక రంగు స్కర్టు, రెండూ వేసుకుంది. ఎదురు డాబా మీద బుట్ట పట్టుకున్న పిన్నిగారు ఆవిడను కిందినుంచి పైకీ, పైనుంచి కిందికీ చూసింది. చాలాసేపు ఆలోచించి సగం బట్టలు ఆరేసి, సగం బుట్టలోనే ఉంచింది.

ఇంతలో మబ్బులాయన ఫోను మోగింది. వీధి చివర కిటికీలోంచి పెద్దసారు.

"ఏమయ్యా, ఈవేళ రెండూ వేసుకుంది. ఏం రాయమంటావు?"

ఆయన ఆకాశం వైపు చూడలేదు. వీధి మలుపు తిరుగుతున్న భార్య వైపే చూస్తూ చెప్పాడు. "అక్కడక్కడ జల్లులు పడవచ్చని రాయండి సార్."