డార్నెల్‌కు జమానత్

సౌదీలో యాన్బు రేవు దగ్గర ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపులో, చివరి వరుస చివరి గదివారు అమెరికా ఫుట్‌బాల్ వ్యవహారంలో జోక్యం చేసుకోవాలని నిర్ణయించారు. అమెరికావారు అడగలేదు. అయినా మంచి పనికి పిలుపు కోసం కూర్చునే అలవాటు ఆ గదికి లేదు.

సంగతి ఇది. అమెరికాలో డార్నెల్ అని ఒక పెద్ద ఆటగాడు ఉన్నాడు. బంతి ఎవరికివ్వాలో, ఎటు విసరాలో జట్టులో అతనే నిర్ణయిస్తాడు. ఆ హోదాను క్వార్టర్‌బ్యాక్ అంటారు. అతనికీ జట్టు యజమానులకూ చెడింది. వేరే జట్టుకు పోతానని అతను, ఒప్పందం ఇంకా ఉంది పోనివ్వబోమని వాళ్లు. అలిగి అతను ప్రాక్టీసుకు రావడం మానేశాడు.

ఆ ఆటను గదిలో ఎవరూ మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు. పరుగెత్తేవాడి మీద నలుగురు పడి నేలకేసి అదుముతారు. దాని పేరు ఫుట్‌బాల్. ఇందుకు గది ఎటువంటి అభ్యంతరమూ తెలపలేదు.

అభిమానం ఊరికే పుట్టలేదు. కంపెనీ పెద్దసారు అమెరికావాడు, ఆ జట్టంటే ప్రాణం పెట్టేవాడు. ఆయన విల్లాలో ఏసీలు చూసే సుభాన్ ఒక మాట కనిపెట్టి వచ్చాడు. డార్నెల్ గెలిచిన మర్నాడు పెద్దసారు ఎదురొచ్చిన లేబర్‌కు గుడ్ మార్నింగ్ చెప్తాడు. ఓడిన మర్నాడు ఎవరినో ఒకరిని సైటు మారుస్తాడు. ఇక డార్నెల్ క్షేమం క్యాంపు క్షేమం కాకుండా ఎట్లా ఉంటుంది? వారం తిరగకుండా అతను ఆ గదిలో డార్నెలన్న అయ్యాడు.

ప్రతి శుక్రవారం అన్నాలు తిన్నాక చర్చ మొదలయ్యేది. మొదటి ప్రశ్న సుభానే వేశాడు. హైదరాబాదువాడు, మూలం పట్టుకోవడంలో దిట్ట.

"అరే భాయ్, పహ్లే యే బోలో. ఆయన పాస్‌పోర్టు ఎవరి దగ్గరున్నది?"

ఇంత పెద్ద విషయం ఎవరికీ తట్టలేదు.

"జట్టోళ్ల దగ్గరే ఉంటాది. ఇంగ్యాడుంటాది?" అన్నాడు మౌలాలి. కడపవాడు, బస్సు డ్రైవరు. గదికి ఎన్నుకోని నాయకుడు. "వాళ్లే గదా కఫీలు."

జట్టు యజమానే వీసా ఇచ్చిన కఫీలని, అతని సంతకం లేనిదే డార్నెల్ గేటు దాటలేడని తేలిపోయింది. తర్వాత వరుసగా సందేహాలు వచ్చాయి. దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు తేదీ ఎప్పటిదాకా ఉంది? డ్యూటీకి రావడం లేదు కదా, పారిపోయాడని హురూబ్ రాసిస్తే పోలీసులు పట్టుకోరా? ఎంబసీకి పోవడం మేలని ఒకరన్నారు.

"అమెరికావోడు, అమెరికాలో ఉండేటోడు, అమెరికా ఎంబసీకి యాడికి పోవల్లప్పా?" అన్నాడు మౌలాలి.

ఈ చిక్కు మీద ఒక శుక్రవారం పూర్తిగా గడిచింది.

జట్టు వైపు మాట్లాడేవాడు ఒక్కడే. ప్రభాకర్. నిజామాబాద్ పిల్లగాడు, ఆఫీసులో టైమ్‌కీపరు. "కాంట్రాక్ట్ ఈజ్ కాంట్రాక్ట్. సైన్ చేసినప్పుడు చదువుకోవాలె. మేనేజ్‌మెంట్ సైడ్ నుంచి గూడ ఆలోచించాలె గద," అనేవాడు. తన కాంట్రాక్టు అరబ్బీలో ఉన్నందువల్ల అతను చదువుకోలేదు. అది వేరే సంగతి.

ఆ గదిలో అందరికన్నా పెద్దవాడు ఎల్లన్న. సిరిసిల్ల దిక్కువాడు, కరెంటు పని. ఈ చర్చల్లో అతను నోరు తెరవలేదు. చర్చ మీద అగౌరవం కాదు. అతని మనసు జగిత్యాల ఆసుపత్రిలో ఉంది.

పెండ్లాం గౌరవ్వ కడుపులో గడ్డ ఉందన్నారు. ఈ నెల దాటనివ్వొద్దన్నాడు డాక్టరు. గౌరవ్వ మాత్రం ఫోనులో ఒకే మాట మీద ఉంది.

"నువ్వస్తెనే కోయిచ్చుకుంట. లేకుంటె ఆ మంచమే ఎక్క."

ఎల్లన్నకు ఊరికి పోయే ఛుట్టీ బాకీ ఉంది. కంపెనీ కూడా కాదనలేదు. కాకపోతే కంపెనీ పద్ధతి ఒకటి ఉంది. ఛుట్టీకి పోయేవాడు తిరిగొస్తాడని ఇంకొక కార్మికుడు జమానత్ సంతకం పెట్టాలి. పోయినవాడు వేళకు రాకుంటే, పెట్టినవాడి ఛుట్టీ ఆగిపోతుంది. మనుషుల మధ్య నమ్మకం పెంచడానికే ఈ పద్ధతి పెట్టినట్టు నోటీసు బోర్డులో రాసి ఉంది.

పోయినేడు మౌలాలికి జమానత్ పెట్టినవాడు ఎల్లన్నే. రంజాను చేసుకుని వస్తానని పోయిన మౌలాలి, మామిడికాయలు పండి, పండినవి అయిపోయి, టెంకలు ఎండేదాకా ఉండి వచ్చాడు. దాంతో ఎల్లన్న ఛుట్టీ ఆగింది. ఎల్లన్న ఏమీ అనలేదు. అనడం అతనికి రాదు.

డార్నెల్ విషయం మంచి కాకమీద ఉన్న ఒక శుక్రవారం, అందరూ చాయ్ గ్లాసులు పట్టుకుని ఊపిరి తీసుకుంటున్న సందు చూసి, ఎల్లన్న అడిగాడు.

"నాకు జమానత్ గావాలె. ఎవలన్న పెడ్తరా?"

గది చాలా బాధపడింది. బాధపడలేదని ఎవరూ అనలేరు.

"నీకోసరం పానమన్నా ఇస్తా ఎల్లన్నా," అన్నాడు మౌలాలి, గుండె మీద చెయ్యి పెట్టుకుని. "సంతకమొగటి అడగాకు."

సుభాన్ తన ఛుట్టీ రెండు నెలల్లో ఉందన్నాడు. "నువ్వొస్తవు ఎల్లన్నా, నాకు తెలుసు. లేకిన్ అమీరున్నీసాకు తెల్వదు గదా?" అమీరున్నీసా అతని భార్య. ఆమెకు ఎల్లన్న తెలియకపోవడం ఎల్లన్న తప్పు కాదని కూడా చెప్పాడు.

ప్రభాకర్ ఆఫీసు స్టాఫ్ జమానత్ పెట్టడం పాలసీకి విరుద్ధమన్నాడు. అట్లాంటి పాలసీ లేదు. కాని అతను చెప్పిన తీరుకు ఉన్నట్టే అనిపించింది. మిగతావారు గ్లాసులు కడగడానికి లేచారు. ఆ గదిలో గ్లాసులు అంత తొందరగా కడగడం అదే మొదలు.

కడిగి వచ్చి కూర్చున్నాక మళ్లీ డార్నెల్ సంగతికి వచ్చారు. అప్పుడు మౌలాలికి ఒక ఆలోచన మెరిసింది.

"ఒగేళ జట్టోళ్లు జమానత్ అడిగినారనుకో. డార్నెలన్నకు యెవురు పెడతారు? పాపం, తోటి ఆటగాళ్లు పెట్టరప్పా. అందురూ సొంత బతుకు సూసుకునేటోళ్లే. నేను పెడతా! ఆయప్ప కోసరం నేను పెడతా!"

"మై భీ," అన్నాడు సుభాన్. గ్లాసులు కడిగిన చేతులన్నీ తడితడిగానే లేచాయి. కొందరికి కళ్లు కూడా చెమర్చాయి. మనిషికి మనిషి తోడు లేకుంటే ఈ పరాయిదేశంలో బతుకేముందని ఒకరు అన్నారు. ఎల్లన్న తన మంచం మీద కూర్చుని చెప్పుల్లో ఇసుక దులుపుకున్నాడు.

ఈ ముచ్చట సుభాన్ పెద్దసారు చెవిన వేశాడు. లేబర్ క్యాంపులో తన జట్టు కోసం ఇంత తపన ఉందని విని ఆయన కదిలిపోయాడు. మరుసటి శుక్రవారం స్వయంగా గదికి వచ్చాడు. అంతకు ముందు ఆయన ఆ గదికి రాలేదు. మరుగుదొడ్డి పైపు పగిలినప్పుడు కూడా రాలేదు.

అందరికన్నా వయసైనవాడని మౌలాలి ఎల్లన్నను ముందుకు తోశాడు. పెద్దసారు నిలబడి ఉపన్యసించాడు. ప్రభాకర్ తెలుగు చేశాడు.

"మిత్రులారా! నేనూ డార్నెల్ పక్షమే. పోతానన్న మనిషిని కాగితం చూపించి కట్టేసి పని చేయించుకోవడం నాగరికత కాదు. ఇష్టం లేనివాడి చేత ఎవడైనా ఆట ఆడించగలడా? మనిషికి తన ఇంటివాళ్ల దగ్గర ఉండే హక్కు ఉంది. డార్నెల్ తల్లికి మోకాళ్ల నొప్పులట. అది వినని యాజమాన్యం, యాజమాన్యమేనా? మన కంపెనీ అట్లాంటిది కాదు. మనది ఒక కుటుంబం!"

చప్పట్లు చాలాసేపు మోగాయి. అన్నిటికన్నా గట్టిగా కొట్టినవాడు ప్రభాకర్. మేనేజ్‌మెంట్ సైడ్ నుంచి ఆలోచించాలన్న తన మాట మీదే అతను నిలబడ్డాడు. మేనేజ్‌మెంట్ ఇప్పుడు డార్నెల్ సైడ్ ఉంది కనుక అతనూ అటు జరిగాడు.

"మీకేం కావాలో అడగండి," అన్నాడు పెద్దసారు, ఎదురుగా ఉన్న ఎల్లన్న భుజం మీద చెయ్యి వేసి.

ఎల్లన్న గొంతు సవరించుకున్నాడు.

"ఛుట్టీ గావాలె సార్. ఇంటిదానికి ఆపరేషనున్నది. జమానత్ దొర్కుతలేదు."

మంచి సమయంలో ఇట్లాంటి మాట చెవిన వేసి పెద్దమనిషి మనసు పాడు చేయడం ప్రభాకర్‌కు న్యాయంగా తోచలేదు. ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. అందులో ఎల్లన్నకు ఒక్క ముక్క తెలిసింది. టీవీ. గదిలో ఉన్న టీవీ చిన్నదని, డార్నెల్ ముఖం సరిగా కనిపించక ముసలాయన దిగులు పడుతున్నాడని ప్రభాకర్ మనవి చేశాడు.

పెద్దసారు ఎల్లన్నను దగ్గరికి తీసుకున్నాడు. ఫోటో కూడా దిగారు.

నీళ్ల హీటరు అడిగితే చలికాలం పోయాక పంపే కంపెనీ, టీవీని సోమవారమే పంపింది. గోడకు రంధ్రాలు కొట్టి, వైరు లాగి బిగించింది ఎల్లన్నే. ఆ పని అతనిదే కదా. బిగించాక చూస్తే తెరకు ఎదురుగా అతని మంచం అడ్డమొచ్చింది. అందరూ కలిసి మంచాన్ని జాగ్రత్తగా వరండాలోకి మార్చారు. అక్కడ గాలి బాగా వస్తుందని మౌలాలి హామీ ఇచ్చాడు.

ఆ శుక్రవారం డార్నెల్‌కు మద్దతుగా తీర్మానం పెట్టుకున్నారు. ఏకగ్రీవమైతే పెద్దసారుకు చెప్పుకోవడానికి బాగుంటుంది. అందరూ అవునన్నారు. మిగిలింది ఎల్లన్న. అతను వరండాలో మంచం మీద ఫోను పట్టుకుని ఉన్నాడు. బిడ్డ సృజన ఫోను చేసింది.

"నాన్నా, అమ్మకు ఆపరేషనయింది. పొద్దుగాల నొప్పి ఎక్కువైతె ఇగ ఆగలే. సోయిల ఉన్నది. ఫికరు జెయ్యకు."

"ఆస్పత్రిల బాధ్యత సంతకం ఎవలు వెట్టిన్రు? నువ్వు వెట్టినవా?"

"నేను తొవ్వల ఉన్న, బస్సు అందలే. పక్క మంచమామె పెనిమిటి వెట్టిండు."

"ఎవలాయన?"

"తెల్వది నాన్నా. పేరు గూడ అడగలే."

"ఏమన్నడు?"

"ఏమనలే. యాడ వెట్టాలె, అన్నడంట."

ఎల్లన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు. తలుపులో మౌలాలి కనిపించాడు.

"ఎల్లన్నా, అందురం డార్నెలన్న పక్కన నిలబడినాం. నువ్వొక్కనివే చెప్పల్ల. ఏమంటావు?"

ఎల్లన్న అతని ముఖం చూశాడు. లోపల కొత్త టీవీ వెలుగులో కూర్చున్న మిగతా ముఖాలు చూశాడు.

"మీరుండంగ ఆయనకేం బయం," అన్నాడు.

గది కేకలు వేసింది. ఇంత మంచి మాట ఎవరూ అనలేదని మౌలాలి అతన్ని కావలించుకున్నాడు. తీర్మానం ఏకగ్రీవమైంది. ఆ మాటను ప్రభాకర్ ఇంగ్లీషు చేసి పెద్దసారుకు పంపాడు.

ఇంతకీ డార్నెల్ ఉన్నాడా, పోయాడా అని చదువరులు ఆత్రంగా ఉంటారు. ఉండవలసిందే. యజమానులు జీతం పెంచారు, అతను అలక మానాడు. అదే జట్టులో సుఖంగా ఉన్నాడు. ఈ ప్రశ్న నన్ను అడగనివారు లేరు. గౌరవ్వకు కుట్లు విప్పారా అని అడిగినవారు మాత్రం ఇప్పటిదాకా కనబడలేదు.