హేతుబద్ధ మనిషి కావలెను

విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర విభాగం మొదటి సంవత్సరం విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, ఈ ఏడాది నుంచి సూక్ష్మ అర్థశాస్త్రం పేపరుకు ప్రాక్టికల్ పరీక్ష కూడా ఉంటుంది. ప్రతి విద్యార్థీ పరీక్ష రోజున ఒక హేతుబద్ధ మనిషిని వెంట తీసుకురావలెను. మనిషి ప్రాణంతో ఉండవలెను. ఒకే మనిషిని ఇద్దరు విద్యార్థులు చూపరాదు. తీసుకురాలేనివారు ఫెయిలైనట్లు పరిగణించబడును.

ఈ ప్రకటన నోటీసు బోర్డుకెక్కిన రోజున ఎవరూ ఆశ్చర్యపోలేదు. మా విశ్వవిద్యాలయంలో ఆశ్చర్యపోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

దీని వెనక న్యాయమైన బాధ ఒకటి ఉంది. మా వరండాకు ఆ చివర జంతుశాస్త్ర విభాగం ఉంది. వాళ్ళకు ప్రయోగశాల ఉంది, సీసాల్లో కప్పలున్నాయి, ఒక మూల అస్థిపంజరం కూడా ఉంది. కిందటేడు తనిఖీకి వచ్చిన పెద్దలు ఆ సీసాల ముందు చాలాసేపు నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మరీ మెచ్చుకున్నారు. తర్వాత మా గదికి వచ్చి, నల్లబల్ల మీద ఒకదాన్నొకటి కోసుకుంటున్న రెండు గీతలు చూసి, “ఇంతేనా?” అని వెళ్ళిపోయారు. మా విభాగాధిపతికి తల కొట్టేసినట్లయింది.

ఆయన వెంటనే సభ పెట్టారు. “వాళ్ళ కప్ప వాళ్ళకుంది. మన మనిషి మనకు లేడా? మన పుస్తకం మొదటి పేజీలోనే ఉన్నాడు. తనకేం కావాలో తనకు తెలిసినవాడు! ఉన్నవాటిలో మేలైనదే ఎంచుకునేవాడు! పోయినదాని గురించి ఏడవనివాడు! ఇంత లావు పుస్తకం ఆ మనిషి మీద రాశారంటే, ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాడు. వెళ్ళండి, పట్టుకురండి!” అన్నారు. చప్పట్లు మారుమోగాయి. చప్పట్లు కొడితే ఆయన ఉపన్యాసం ఆపుతారని మా విద్యార్థులకు అనుభవం.

ప్రయోగశాల ఏర్పాటుకు పెద్దగా శ్రమ పడలేదు. మా పుస్తకంలో ప్రతి సూత్రం కిందా ‘ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే’ అని రాసి ఉంటుంది కనుక, పాత స్టోరు గదిని ఖాళీ చేయించి, అందులో పరిస్థితులు మారకుండా కట్టుదిట్టం చేశాం. కిటికీలకు మేకులు కొట్టించాం. గాలి మారుతుందని ఫ్యాను కట్టేశాం. గడియారంలోంచి సెల్లు తీసేశాం. క్యాలెండరు దించేశాం. గోడ మీద బల్లి కదిలినప్పుడల్లా ప్రయోగం మొదటికొచ్చేది. దాంతో బల్లిని బయటికి తరమడానికి ఒక ఉపసంఘం వేశాం. ఆ ఉపసంఘం ఇంకా పనిచేస్తూనే ఉంది.

ఇక మా విద్యార్థుల్లో ఒకమ్మాయి గురించి చెప్పాలి. ఈ ఒక్క పేపరు మూడుసార్లు తప్పి, సప్లిమెంటరీలు రాసి రాసి ‘సప్లమ్మ’ అని పేరు తెచ్చుకుంది. నాలుగోసారి కూడా తప్పితే నిబంధనల ప్రకారం రోల్స్‌లోంచి, అంటే విద్యార్థుల పట్టీలోంచి, పేరు కొట్టేస్తారు. చదవక తప్పుతోందనుకుంటే పొరపాటు. ఆ అమ్మాయికి పుస్తకం అంతా నోటికి వచ్చు. కానీ జవాబు రాసేటప్పుడు చూసినవి గుర్తుకొస్తాయి. ‘ధర పెరిగితే డిమాండు తగ్గును, నిరూపింపుము’ అని ప్రశ్న ఇస్తే, తన మేనత్త కుట్టుకూలి పెంచిన నెలలోనే వీధి వీధంతా ‘చేయి బాగా తిరిగుంటుంది’ అనుకుంటూ కొట్టు ముందు వరస కట్టిందని రాసింది. విభాగాధిపతి సున్నా వేసి, పక్కన ‘మీ వీధి సిలబస్‌లో లేదు’ అని ఎర్రసిరాతో రాశారు.

ఆ మేనత్తే ఆమెను పెంచింది. మెయిన్ రోడ్డు పక్క సందులో టైలరింగ్ కొట్టు నడుపుతుంది. నోటీసు చూసిన సాయంత్రం సప్లమ్మ కుట్టుమిషను పక్కన పీట వేసుకుని కూర్చుంది.

“అత్తా, నువ్వు హేతుబద్ధ మనిషివేనా?”

మిషను ఆగింది. “ఎవరే ఆ మాటన్నది? ముందు వాళ్ళ పేరు చెప్పు, తర్వాత సంగతి నేను చూసుకుంటాను.”

“తిట్టు కాదత్తా. నువ్వొచ్చి కాసేపు కూర్చుంటే నేను పాసవుతాను.”

“కూర్చోడమేగా? ఆ మాత్రానికి పాస్ చేసేట్టయితే మూడేళ్ళ కిందటే వచ్చి కూర్చునేదాన్ని కదే పిచ్చిదానా,” అంది మేనత్త.

పరీక్ష రోజు రానే వచ్చింది. మరో విశ్వవిద్యాలయం నుంచి పరీక్షాధికారిగా ఎక్స్‌టర్నల్ గారు విచ్చేశారు. వరండా నిండా హేతుబద్ధులు కిక్కిరిసిపోయారు. బాబాయిలు, పెదనాన్నలు, ఇంటి ఓనర్లు, ఒక ఆడిటరు, ఒక పళ్ళ డాక్టరు. అందరూ ఇస్త్రీ బట్టల్లో వచ్చారు.

మొదటి పరీక్ష బిస్కెట్లది. ఒకటి తర్వాత ఒకటి తింటూ ఉంటే ప్రతి బిస్కెట్టుకూ తృప్తి తగ్గుతూ రావాలి. దీన్ని క్షీణోపాంత ప్రయోజన సూత్రం అంటారు. దీన్ని పలకడం నేర్చుకునేసరికి సగం సెమిస్టరు అయిపోతుంది. పిసినారిగా పేరు మోసిన ఒక బాబాయి గారు ప్యాకెట్టు ప్యాకెట్టుకూ హుషారు పెరుగుతూ స్టాకంతా ఖాళీ చేశారు. “ఎప్పుడు ఆపాలనిపించింది?” అని అడిగితే, “ఊరికే ఇచ్చేది మధ్యలో ఆపుతారుటండీ!” అని మమ్మల్నే జాలిగా చూశారు. ఒక విద్యార్థి తాతగారికి ప్రతి బిస్కెట్టూ మొదటిదంత రుచిగానే ఉంది, ఎందుకంటే కిందటిది తిన్నట్టు ఆయనకు గుర్తు లేదు. ఆడిటరు గారు మాత్రం తినలేదు, జేబులో వేసుకున్నారు. మధ్యాహ్నానికల్లా బిస్కెట్ల బడ్జెట్టు అయిపోయింది.

రెండోది అసలు పరీక్ష. పోయింది ఎలాగూ పోయింది, ఇక ముందు వచ్చేదేమిటో చూసి నిర్ణయించుకోవాలని మా శాస్త్రం. పోయినదాన్ని మేము ‘మునిగిన వ్యయం’ అంటాం. దీన్ని పరీక్షించడానికి ఎంతసేపు విన్నా ఏమీ ఒరగని వస్తువు ఒకటి కావలసి వచ్చింది. విభాగాధిపతి గారి ఉపన్యాసాన్ని ఎంపిక చేశారు. ఎవరు చేశారో సభ మినిట్స్‌లో లేదు. సగంలో ఆయన ఆగి, “తలుపుకు గడియ లేదు. వెళ్ళాలనుకున్నవారు వెళ్ళవచ్చు,” అని ప్రకటించాలి. హేతుబద్ధుడు లేచి వెళ్ళిపోవాలి.

ఒక్కరూ లేవలేదు. ఉక్కపోతలో చెమటలు కక్కుతూ అలాగే కూర్చున్నారు. కారణం అడిగితే, “సగం విన్నాక ఎలా వెళ్తామండీ?” అన్నారు ఇంటి ఓనరు గారు. “ఇంత దూరం వచ్చాం కదండీ,” అన్నారు పళ్ళ డాక్టరు గారు. పిసినారి బాబాయి గారు, “చివర్లో మళ్ళీ బిస్కెట్లు ఇస్తారేమోనని,” అన్నారు. ఎక్స్‌టర్నల్ గారు వరసగా ఫెయిల్ కొడుతూ పోయారు.

చివరగా సప్లమ్మ మేనత్త వంతు వచ్చింది. అటెండరు తన డబ్బులతో ఒక ప్యాకెట్టు కొనుక్కొచ్చాడు. ఆమె ఒక బిస్కెట్టు తిని, రెండోదానిలో సగం తిని, మిగతా సగం సాసరులో పెట్టి, “చాలు,” అంది. విభాగాధిపతి కళ్ళు చెమర్చాయి. బిస్కెట్లు మెత్తబడిపోయాయని ఆమె తర్వాత అన్న మాటను మేమెవరమూ రికార్డు చేయలేదు.

ఆమె ఒక్కదాని కోసం ఉపన్యాసం మళ్ళీ మొదలైంది. సగం కూడా కాలేదు. ఆయన తలుపు సంగతి ప్రకటించనే లేదు. మేనత్త కొంగు సర్దుకుని లేచి, “బాబూ, నువ్వు చెప్పేది మంచిదే అయ్యుంటుంది. నాకు ఒక్క ముక్క ఎక్కడం లేదు. కొట్టు మూసుకొచ్చాను,” అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

విభాగాధిపతి ఎక్స్‌టర్నల్ గారిని గట్టిగా కావలించుకున్నారు. “దొరికిందండీ! నా సర్వీసులో నా ఉపన్యాసం మధ్యలో లేచి వెళ్ళిన మొట్టమొదటి మనిషి!” అని పసిపిల్లాడిలా ఎగిరారు. ఆ అవమానానికి అంత ఆనందపడిన మనిషిని మేము మళ్ళీ చూడలేదు.

ఎక్స్‌టర్నల్ గారు కలం మూత తీసి, ఆగారు. “సంతోషమే. కానీ నమూనా ఎదురుగా ఉండగా సంతకం పెట్టాలని నిబంధన. నమూనా ఏది?”

వెళ్ళినందుకే పాసు. వెళ్ళిపోతే నమూనా లేదు కనుక ఫెయిలు. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. సప్లమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి, మేనత్తను గేటు దగ్గర పట్టుకుంది.

“అత్తా, వెనక్కి రా!”

“నా వల్ల కాదే. ఆయన సోది వింటుంటే తల పగిలిపోతోంది.”

“నువ్వు రాకపోతే నా పేరు కొట్టేస్తారత్తా.”

మేనత్త పిల్ల మొహంలోకి చూసింది, కాళ్ళ వంక చూసింది. “చెప్పుల్లేకుండా ఈ ఎండలోనా! పద,” అంది. గదిలోకి వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, “కానియ్ బాబూ. నేను వెళ్ళాక ఏమన్నా చెప్పావేమో, మొదట్నుంచీ చెప్పు. మా పిల్ల కోసం ఎంతసేపయినా వింటాను,” అంది.

విభాగాధిపతి మొహం వాడిపోయింది. ఎక్స్‌టర్నల్ గారు సప్లమ్మను మౌఖిక పరీక్షకు నిలబెట్టారు. “లాభం లేదని తెలిసి వెళ్ళిన మనిషి, ఆ లాభం లేనిదాని కోసమే తిరిగి వచ్చింది. దానివల్ల ఆమెకు కలిగే ప్రయోజనం ఎంత?”

“ఆవిడకేం లేదండీ.”

“మరెందుకు వచ్చింది?”

“మా అత్త కదండీ.”

పుస్తకమంతా వెతికారు. అత్త ఎక్కడా లేదు. ‘నమూనా చెడిపోయినది’ అని రాసి సంతకం పెట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు ఆ కలం లాక్కుని విరిచేయాలనిపించింది. కానీ నేను అదే విభాగంలో ఉపన్యాసకుణ్ణి కనుక కలానికి రీఫిల్ అందించాను.

మేనత్త సాసరులో తను వదిలేసిన సగం బిస్కెట్టు తీసి మేనకోడలి చేతిలో పెట్టి, “పొద్దుట్నుంచీ ఏం తినలేదుగా,” అంది.

సప్లమ్మ పేరు రోల్స్‌లోంచి పోయింది. విభాగాధిపతి పెద్దమనసుతో ఆమెను పిలిపించి, “పోయిన ఏళ్ళు ఎలాగూ పోయాయమ్మా. అది మునిగిన వ్యయం. ఇంకేదైనా చూసుకో,” అని శాస్త్రోక్తంగా సలహా ఇచ్చారు. ఆమె, “ఇన్నేళ్ళు చదివాను కదండీ,” అని కళ్ళు తుడుచుకుని, మొదటి సంవత్సరం మొదటి రోజు నుంచీ మళ్ళీ అదే కోర్సులో చేరింది. దరఖాస్తు మీద మేనత్తే సంతకం పెట్టింది.

మా విభాగం నివేదిక సమర్పించింది. పుస్తకంలో లోపమేమీ లేదనీ, మనుషులే ఇంకా సిలబస్ స్థాయికి ఎదగలేదనీ తేల్చాం. పుస్తకం మారిస్తే ఎలా ఉంటుందని నేను నసుగుతూ అడిగితే, “ఇన్నేళ్ళు చెప్పాక ఇప్పుడెలా మారుస్తామయ్యా?” అన్నారు విభాగాధిపతి. ఆ మాటతో అందరం ఏకీభవించాం.

మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. కానీ ఒక్క మాట. ఇందులో మీకు ఒరిగేదేమీ లేదని బల్లి దగ్గరే మీకు తెలిసిపోయింది. పేజీకి గడియ లేదు. మిమ్మల్ని గేటు దాకా వచ్చి ఏ పిల్లా బతిమాలలేదు. అయినా ఇక్కడి దాకా వచ్చారు. ఎందుకని అడిగితే మీరేమంటారో కూడా మాకు తెలుసు. అందుచేత వచ్చే ఏడాది మీ పిల్లలెవరైనా మా దగ్గర చేరితే, దయచేసి ప్రాక్టికల్స్‌కు మీరు మాత్రం రాకండి.