వద్దంటే రెండుసార్లు కన్నార్పండి

ఆ ఉదయం బాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. గోదాము ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టాలి. అన్నగారి అమ్మాయితో కలిసి శిక్షణ కాలేజీకి వెళ్ళాలి. అక్కడ ఏదో ఒక వంక పట్టుకుని, "ఇది మనకు పనికిరాదమ్మా" అనాలి. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. పథకంలో లోపం ఒక్కటే. "పనికిరాదు" అన్న మాట బాబాయి పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు.

మొహమాటానికి చొక్కా తొడిగితే ఆయనే. ఇంటిల్లిపాదీ పెట్టిన పేరు 'అలాగే బాబాయి'. ఒకసారి బస్సు డ్రైవరు ఈయన్ని చూసి మరెవరో అనుకుని, "మీ స్టాపు వచ్చింది సార్" అన్నాడు. అంత మంచివాడి మనసు నొప్పించడం ఇష్టంలేక దిగిపోయి, వానలో తడుస్తూ ఇంటికి నడిచాడు. తలుపు తట్టినవాడి దగ్గర వినికిడి యంత్రం కూడా కొన్నాడు. ఆయన చెవులు నిక్షేపంగా ఉన్నాయి.

అలాంటి మనిషిని, కాదని చెప్పిరమ్మని ఇంటి నుంచి ఫోన్ చేసి పంపించాడు అన్నగారు.

"ఒరేయ్ తమ్ముడూ! కామర్సు డిగ్రీ చదువుతుందని దాన్ని సముద్రాలు దాటించి నీ దగ్గరికి పంపాను. ఏడాది తిరక్కుండానే అది మానేసి, ముసలివాళ్ళని చూసుకునే కోర్సులో చేరతానంటోంది. ఊళ్ళోవాళ్ళకి స్నానాలు చేయించడానికట్రా విమానం ఎక్కించింది? నువ్వెళ్ళి చూసిరా. నువ్వు బాగుందంటేనే నేను ఒప్పుకుంటానని దానికి చెప్పాను. నువ్వు మాత్రం బాగుందనకు."

"అలాగే అన్నయ్యా."

బస్సులో పక్కన కూర్చున్న అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటోంది. ఖాళీ వేళల్లో ఆమె ఒక వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేసేది. పళ్ళేలు అందించడానికి వెళ్ళి ముసలమ్మల పక్కన కూర్చుండిపోయేది. అక్కడే ఆమె మనసు చిక్కుకుంది.

"చేరడానికి ఈరోజే ఆఖరు బాబాయ్. మధ్యాహ్నం కౌంటరు మూసేస్తారు. ఆ లెక్కల పుస్తకం తెరిస్తే నాకు ఏడుపొస్తోంది. నాన్నకి నువ్వొక్క మాట చెప్తే చాలు."

"అలాగేనమ్మా" అన్నాడు బాబాయి. ఆ విధంగా ఇరుపక్షాలకూ మాట ఇచ్చేసి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

కాలేజీ లోపలికి అడుగుపెట్టగానే ఆయన ఒక్కో గదిలోకీ తొంగిచూడసాగాడు. ఒక గదిలో చిన్న పిల్ల మొహానికి ముసుగు తొడుక్కుని ఇనుముకు ఇనుము అతికిస్తోంది. ఆ పక్క గదిలో నెరిసిన గడ్డం పెద్దాయన గోడకు పలకలు అంటించి, మట్టం సరిచూసి, మళ్ళీ పీకేస్తున్నాడు. ఇంకో గదిలో రబ్బరు తలలు వరసగా నిలబడి క్షవరం చేయించుకుంటున్నాయి. విమానం రెక్కకు సీలలు వేసేవాళ్ళు, పసిపిల్లల్ని జోకొట్టడం నేర్చుకునేవాళ్ళు, నీటి గొట్టాల చిక్కుముడిలో దూరినవాళ్ళు! ఏ దేశాల నుంచి వచ్చారో, ఏ భాషలవాళ్ళో, అందరూ తడబడే ఇంగ్లీషులో ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకుంటున్నారు. బాబాయి కాలంలో చదువులు మూడే. తెలివైనవాళ్ళకు డాక్టరీ, ఇంజనీరింగ్. మిగిలిన ప్రపంచానికి బీకాం. ఆయన మిగిలిన ప్రపంచంలోనివాడు. ఇన్ని పనులకు ఇన్ని బడులున్నాయని, వీటిని మనుషులు ఇంత భక్తిగా నేర్చుకుంటారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"నువ్వు ఇక్కడ కూర్చో బాబాయ్, నేను వరసలో నిలబడతాను" అని అమ్మాయి వెళ్ళింది. కూర్చోవడానికి కుర్చీ ఏదీ? ఉన్నవన్నీ నిండిపోయాయి. కొత్త బూట్లు కరుస్తున్నాయి. గోడ పక్కన ఒక చక్రాల కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. ఒక్క నిమిషమే కదా అని అందులో చతికిలబడ్డాడు.

ఆ నిమిషంలోనే మెడలో కార్డు వేలాడేసుకున్న ట్రైనరమ్మ పరుగున వచ్చింది.

"హమ్మయ్య, వచ్చారా! మీకోసమే అందరూ కాచుకుని ఉన్నారు."

అమ్మాయి తాలూకు పెద్దమనిషి వస్తాడని ముందే చెప్పి ఉంటుందనుకున్నాడు బాబాయి. లేవబోయాడు. "లేవకండి, లేవకండి" అంటూ ఆమె కుర్చీ తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళింది. లోపల మంచం, తెల్ల దుప్పటి, చేతులు కడుక్కుని వరసగా నిలబడ్డ విద్యార్థులు. ఒకరు ఆయన బూట్లు విప్పి మంచం మీద పడుకోబెట్టారు, ఒకరు కాళ్ళమీద శాలువా కప్పారు. కొత్తల్లుడిగా వెళ్ళినప్పుడు అత్తారింట్లో కూడా ఇంత మర్యాద జరగలేదు. సంరక్షకుల్ని ఈ కాలేజీ ఎంత గౌరవిస్తోందని ఆయన కళ్ళు చెమర్చాయి.

"మీకు తెలిసిందే కదా" అంది ట్రైనరమ్మ. "కుడివైపు పనిచేయదు. మాట రాదు. అంతే, మిగతాది మావాళ్ళు చూసుకుంటారు."

అప్పటికి ఏదో తేడా కొట్టింది. పరీక్షలకు రోగి వేషం కట్టడానికి మనుషులు వస్తారని, తనను వాళ్ళలో ఒకడనుకున్నారని కొంచెం కొంచెంగా వెలిగింది. "అది కాదండీ, నేను..." అనబోయాడు.

"మాట రాదన్నానా!" అని ఆమె నవ్వింది. అందరూ నవ్వారు. గంట మోగింది.

మొదటి విద్యార్థి ముందుకొచ్చాడు. మనిషి తాటిచెట్టంత ఉన్నాడు, అరచేతులు చేటలంత. బాబాయి మనసులోనే అతనికి భీముడని పేరు పెట్టాడు. అతను కిందికి వంగాడు.

"సార్," అన్నాడు భీముడు, ఆయనకు మాత్రమే వినబడేలా. "నేనొకసారి తప్పాను. ఇదీ పోతే ఇక ఇంటికి వెళ్ళిపోవాలి. కాస్త సాయం చెయ్యండి."

ఇంకేముంది. బాబాయి కుడివైపు అక్కడికక్కడే పడిపోయింది.

"సరేనంటే ఒకసారి, వద్దంటే రెండుసార్లు కన్నార్పండి సార్. ఇప్పుడు మీ చెయ్యి పట్టుకుంటాను, సరేనా?"

బాబాయి ఒకసారి కన్నార్పాడు. "మొహం తుడుస్తాను, సరేనా? నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయా?" మళ్ళీ ఒకసారి. ఆయనకు కోటు తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చేతికి తొడిగాడు, తర్వాత బాగున్న చేతికి. ప్రతి అడుగుకూ అడగడం, జవాబు కోసం ఆగడం. ఆ చేటలంత చేతులు తన భుజం కింద దిండు సర్దుతుంటే బాబాయికి ఆశ్చర్యం వేసింది. బలం ఇంత మెత్తగా ఉంటుందని ఆయనకు తెలియదు.

తర్వాత చెంచాతో, మింగడం కష్టమైనవాళ్ళకు ఇచ్చే జిగురులాంటి చిక్కటి నీళ్ళు నోటి దాకా వచ్చాయి. మామూలుగా అయితే ఎవరేది పోసినా తాగేసేవాడే. ఎందుకో, ఏం జరుగుతుందో చూద్దామని, రెండుసార్లు కన్నార్పాడు.

చెంచా వెనక్కి వెళ్ళిపోయింది.

"వద్దా సార్? సరే, తర్వాత అడుగుతాను."

అంతే. ఎవరికీ కోపం రాలేదు. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. గది కప్పు ఎక్కడిదక్కడే ఉంది. బాబాయి ఆ తెల్లటి కప్పు వంకే చూస్తూ ఉండిపోయాడు. వద్దనడం ఇంత తేలికా? ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదేం? ఆయనకు సంతోషమూ వేసింది, ఏడుపూ వచ్చింది.

ఆఖరి అంకం ఎత్తడం. నడుం కింద గుడ్డ ఉయ్యాల పరిచి, నాలుగు కొక్కేలూ చిన్న క్రేనుకు తగిలించి, సరేనా అని అడిగి, భీముడు మీట నొక్కాడు. బాబాయి మెల్లగా గాలిలోకి లేచాడు.

"పేషెంటు పరిస్థితి చెప్పు" అని అడిగింది ట్రైనరమ్మ.

"తెల్లవారుజామున పక్షవాతం వచ్చింది మేడం. కుడివైపు పూర్తిగా పోయింది. మాట లేదు."

సరిగ్గా ఆ మాట దగ్గరే, బాబాయిని వెతుక్కుంటూ అమ్మాయి తలుపు తీసింది.

"బాబాయ్!"

ఆ కేకకు పక్కగదిలో క్షవరాలు ఆగిపోయాయి. ట్రైనరమ్మ మాత్రం మురిసిపోయింది. కంగారుపడే బంధువు పాత్రకు ఆఫీసువాళ్ళు ఇంత మంచి నటిని పంపారని ఆమె అనుకుంది. "బంధువుతో మాట్లాడు" అని భీముడికి సైగ చేసింది. బాబాయి నోరు తెరవబోతే పెదవుల మీద వేలు పెట్టి చూపించింది.

నోరు విప్పితే భీముడు మునుగుతాడు, విప్పకపోతే అమ్మాయి గుండె ఆగుతుంది. ఆయన చేయగలిగిందొక్కటే చేశాడు. అదేం లేదమ్మా అన్నట్టు రెండుసార్లు కన్నార్పాడు. అమ్మాయికి అర్థం కాలేదు. ఇంకా గట్టిగా ఆర్పాడు. అప్పటికే ఆమె ఫోన్ స్పీకర్లో పెట్టేసింది.

"నాన్నా! బాబాయికి పక్షవాతం! పొద్దున బస్సులో బాగానే ఉన్నాడు నాన్నా! ఇప్పుడు మాట లేదు, కళ్ళు కూడా అదుపులో లేవు! గాల్లో వేలాడదీశారు!"

అవతల అన్నగారు భోరుమన్నాడు. "ఒరేయ్ తమ్ముడూ, నిన్నక్కడికి పంపింది నేనేరా! నా నోరు పడిపోయినా బాగుండేది!"

భీముడు ముందు అమ్మాయికి కుర్చీ వేశాడు, ఆ తర్వాత ఫోన్‌కేసి వంగి నెమ్మదిగా చెప్పాడు. "భయపడకండి సార్. మీ తమ్ముడుగారికి ఏ నొప్పీ లేకుండా చూస్తున్నాను. ఆయన్ని అడక్కుండా ఏదీ చేయను."

"ఎవరమ్మా ఈ బాబు?"

"ఇక్కడ నేర్చుకుంటున్నాడు నాన్నా" అంది అమ్మాయి వెక్కుతూ. "నేను చేరతానన్న కోర్సే."

అవతల అన్నగారు ముక్కు చీదాడు. "అయితే నువ్వూ చేరు తల్లీ. ఇవాళే చేరు. బాబాయిని నువ్వే చూసుకో. బుద్ధిలేక కాదన్నాను."

గాలిలో ఉన్న బాబాయి అంతా విన్నాడు. ఇలాగే ఊరుకుంటే అమ్మాయి పని అయిపోతుంది. కానీ అవతల అన్నయ్య చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్న అన్నయ్య. ఆ ఏడుపు వింటూ ఊరుకోవడం ఎలా? భీముడు చేయవలసినవన్నీ చేసేశాడు, దించడం ఒక్కటే మిగిలింది. బాబాయి చెయ్యి చాచి అమ్మాయి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"అన్నయ్యా, ఏడవకు. నాకేం కాలేదు. ఇది పరీక్ష. పొరపాటున నన్ను రోగి అనుకున్నారు."

అవతల అన్నగారు ముందు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు, తర్వాత మనిషి మారిపోయాడు.

"వెధవా! నా ప్రాణం తీశావు కదరా! అయితే నేనిచ్చిన మాట చెల్లదు. వద్దని దానికి నువ్వే చెప్పు. చెప్తున్నావా లేదా?"

'అలాగే' నాలుక చివర దాకా వచ్చేసింది. భీముడు మీట మీద చెయ్యి వేసి, ఇప్పుడు కూడా, "దించనా సార్?" అని అడుగుతున్నాడు. బాబాయి అతని వంక చూసి రెండుసార్లు కన్నార్పాడు. తర్వాత ఫోన్లో అన్నాడు.

"చెప్పను అన్నయ్యా."

"ఏమన్నావు?"

"చెప్పనన్నాను. ఇక్కడ మనిషి ఒంటిమీద చెయ్యి వేసే ముందు, వేయనా అని అడుగుతున్నారు. వద్దంటే ఆగుతున్నారు. అదీ ఒక చదువేనన్నయ్యా, నేనెక్కడా చూడలేదు. నన్నింతవరకూ ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. అమ్మాయినైనా అడుగు."

బాబాయి గాలిలో కొద్దికొద్దిగా ఊగుతున్నాడు.

"అమ్మాయికివ్వు" అన్నాడు అన్నగారు చివరికి. గొంతు తగ్గింది. "ఏమే, నీకిష్టమేనా?"

"ఇష్టమే నాన్నా."

"మరి నాతో కబుర్లేమిటే, అవతల కౌంటరు మూసేస్తారు, పరిగెత్తు!"

అమ్మాయి పరిగెత్తింది. అసలు రోగి పాత్రధారి అప్పుడే తలుపు తోసుకుని వచ్చాడు. ఆయన్ని అప్పటిదాకా క్షవరాల గదివాళ్ళు తమ మనిషనుకుని పట్టుకుని, చక్కగా తల దువ్వి పంపారు. ట్రైనరమ్మ ఆయన్నీ, గాలిలో ఉన్న బాబాయినీ మార్చి మార్చి చూసింది. తర్వాత భీముడి దగ్గరికి వెళ్ళి చెయ్యి కలిపింది. భీముడు ఆ చేటలంత చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆ రోజు పరీక్షలో విద్యార్థులంతా పాసయ్యారు. రోగి ఒక్కడే తప్పాడు, పడిపోయిన కుడిచేత్తో ఫోన్ లాక్కున్నందుకు.