తక్కువ సరుకులు, ఎక్కువ గిన్నెలు

ఆదివారం పొద్దున సాబిర్ మటన్ తేవడానికి సంచి అందుకోగానే ఫరా దాన్ని మెల్లగా వెనక్కి లాక్కుంది. వనపర్తిలో సాబిర్‌కు చిన్న టైలర్ దుకాణం ఉంది. జూన్‌లో ఒక ప్రైవేటు బడి యూనిఫాంలు కుట్టే పని అతనికి దొరికేలా ఉంది. దొరికితే బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను కొనక తప్పదు. మిషనుకు సగం డబ్బు బడి యజమాని మహిపాల్ ఇచ్చే అడ్వాన్సులోంచి వస్తుంది, మిగతా సగం వంటింట్లోంచి రావాలని సాబిర్ భార్య ఫరా తీర్మానించింది.

"రెండు నెలలు మటన్ బంద్. కడుపు మాడ్చుకునుడు కాదు, మంచిగనే తిందాం. అగ్గువల తిందాం," అంది.

"మటన్ లేకుంటే గది ఆదివారమెట్లైతది?" అంది అత్త తాజ్‌బీ. ఆమె నోట్లో నాలుగు పళ్ళే మిగిలాయి గానీ మటన్ విషయంలో పట్టు మాత్రం సడలలేదు.

ఫరా మాట మీద నిలబడే మనిషి. పక్కింటి వెంకటమ్మను అడిగి మునగాకు తెంపుకొచ్చి పప్పులో వేసింది. జొన్న రొట్టెలు చేసింది. పల్లీలు వేయించి ఎల్లిపాయ కారంతో దంచింది. ఉన్నమాట చెప్పాలంటే ఆ ఇంట్లో చాలా రోజులకు అంత కమ్మటి భోజనం జరిగింది. తాజ్‌బీ తిట్టుకుంటూనే పప్పు మూడోసారి వేయించుకుంది.

చిక్కు గోడ అవతల మొదలైంది. ఆదివారం పూట వెంకటమ్మకు గడియారంతో పని లేదు. ఫరా కుక్కర్ మటన్‌కు ఆరు విజిళ్ళు వేస్తుంది. మూడో విజిల్‌కు వెంకటమ్మ తన బియ్యం పొయ్యి మీద పెడుతుంది. పదకొండేళ్ళుగా ఇదే పద్ధతి. ఆ రోజు కుక్కర్ రెండు విజిళ్ళు వేసి ఊరుకుంది. వెంకటమ్మ కడిగిన బియ్యం పట్టుకొని మూడోదాని కోసం అరగంట నిలబడింది. ఆ తర్వాత ఆమెకు పొద్దున అడిగి తెంపుకుపోయిన మునగాకు గుర్తొచ్చింది. మునగాకు, రెండే విజిళ్ళు. పాపం, మటన్‌కు డబ్బుల్లేక ఆకు వండుకుంటున్నారనుకుంది.

సాయంత్రం గిన్నెడు గుత్తి వంకాయ కూర తెచ్చింది. "ఎక్కువైంది బిడ్డా. పారెయ్యబుద్ధి గాలే," అని ఫరా తల నిమిరి, కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది.

ఎవరి గిన్నెనైనా ఖాళీగా తిరిగి పంపడం ఆ గల్లీలో లేదు. ఫరా వారానికని దాచిన పాలు, చక్కెర, ఇంట్లో ఉన్న పిడికెడు జీడిపప్పు వేసి సేమ్యా పాయసం చేసి ఆ గిన్నె నిండా పోసి పంపింది. వెంకటమ్మ అది రుచి చూసి, ఎదురింటి మణెమ్మను పిలిచింది.

"ఉన్నోళ్ళు నిమ్మలంగ ఇస్తరు మణెమ్మా. లేనోళ్ళే గిట్ల తెల్లారకముందే తిరిగిస్తరు. ఎంత పరేషాన్‌ల ఉన్నరో ఏమో!"

మరునాడు మణెమ్మ గుడ్ల పులుసు పంపింది. దానికి జవాబుగా ఫరా గులాబ్ జామూన్ చేసింది. మూడో నాడు గల్లీ చివరి ఇంతియాజ్ ఇంటి నుంచి ఖీమా వచ్చింది, ఇక్కడి నుంచి ఖీర్ వెళ్ళింది. ఫరా ఎంత బాగా చేస్తే గల్లీకి అంత జాలి వేసింది. వారం తిరిగేసరికి ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. వంతు మరిచిపోకుండా వాట్సాప్ గ్రూపు కూడా పెట్టుకున్నారు. నెల సరుకులు పది రోజుల్లో అడుగంటాయి.

ఫరా ఉండబట్టలేక గోడ దగ్గరికి వెళ్ళింది. "పెద్దమ్మా, మాకేం తక్లీఫ్ లేదు. మిషన్ కోసం పైసలు జమ చేస్తున్నం, గంతే."

"అవ్ బిడ్డా, గట్లనే చెప్పాలె," అని వెంకటమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నేనెవ్వరికి చెప్ప."

ఆమె ఎవ్వరికీ చెప్పని సంగతి రెండు రోజుల్లో దుకాణానికి చేరింది. అర్చన అనే టీచరమ్మ వచ్చి తన నాలుగు బ్లౌజు బట్టలు తిరిగి ఇమ్మంది.

"ఇంక కుట్టలేదమ్మా," అన్నాడు సాబిర్.

"కుట్టకున్నా ఏం కాదన్నా, బట్ట ఇయ్యి చాలు. దుకాణం మూసి గద్వాల పోతున్నవంట గద?"

"నేనా? గద్వాలల నాకెవరున్నరమ్మా?"

"గదేమో నాకు తెల్వదన్నా," అని ఆమె బట్టలు లెక్క చూసుకొని వెళ్ళింది. ఆ పూటే ఇంకో ఐదుగురు వచ్చారు. శ్రీరంగాపూర్ నుంచి బస్సులో వచ్చిన యేసయ్య, ఒక కాలు మాత్రమే కుట్టిన ప్యాంటును అలాగే మడిచి సంచిలో పెట్టుకున్నాడు. రెండో కాలు ఊళ్ళో కుట్టించుకుంటానన్నాడు.

శుక్రవారం మహిపాల్ ఫోన్ చేశాడు. "సాబిర్ భాయ్, రేపు పగటిపూట మీ ఇంటికొస్త. జర మాట్లాడేదుంది."

సాబిర్ ఫోన్ పెట్టేసి గోడకు ఆనుకున్నాడు. అతనికి నిజంగానే భయం వేసింది. "అయిపోయింది. యూనిఫాంలు ఇంకెవరికో ఇస్తడు. ముఖం మీద చెప్పడానికొస్తుండు."

ఫరా వంటింటి వైపు చూసింది. "మనకు లేదని గల్లీ అంత అనుకుంటుంది. సార్ ఉన్నదనుకుంటే చాలు. వచ్చిన గిన్నెలన్ని ముందల పెడ్త."

శనివారం మహిపాల్ చాప మీద కూర్చునేసరికి భోజనానికి పరిచిన దస్తర్‌ఖాన్ మీద పదకొండు గిన్నెలున్నాయి. అందులో ఫరా వండింది పుంటికూర (గోంగూర) ఒక్కటే. స్టీలు గిన్నెల మీద చెక్కించిన పేర్లు కనపడకుండా అన్నింటినీ తమ వైపు తిప్పి పెట్టింది. మహిపాల్ అన్నీ చూసి గుటకలు మింగాడు. పుంటికూరను మెచ్చుకొని రెండుసార్లు వేయించుకున్నాడు. తర్వాత గుడ్ల పులుసు కోసం చెయ్యి చాపి గిన్నెను తన వైపు తిప్పుకున్నాడు.

"మణెమ్మ ఎవరు?"

సాబిర్ నీళ్ళ గ్లాసు కోసం వెతికాడు. తాజ్‌బీ మాత్రం తడుముకోలేదు. "మాకు వండెటామె సార్."

"వంటమనిషా!" మహిపాల్ ఇంకో గిన్నె తిప్పాడు. "మరి వెంకటమ్మ?"

"గామె రొట్టెలు చేసెటామె."

"దినాం గిట్లనే తింటరా?"

"ఇయ్యాల జర తక్కువైంది," అంది తాజ్‌బీ.

మహిపాల్ తృప్తిగా తిని, చెయ్యి కడుక్కొని వచ్చి, జేబులోంచి లావుపాటి కవరు తీశాడు.

"నిజం చెప్త సాబిర్ భాయ్. మీ ఇంట్ల పొయ్యి గూడ సరిగ్గ వెలుగుతలేదని విన్న. నా పానమంత ఎట్లనో అయింది. అడ్వాన్సు ఒక్కటే కాదు, యూనిఫాంల పైసలు మొత్తం ముందుగల్లనే ఇద్దామని తెచ్చిన."

సాబిర్ చెయ్యి తుడుచుకొని కవరు అందుకోవడానికి ముందుకు జరిగాడు.

"గిప్పుడు చూస్తే నాకే సిగ్గయితుంది," అని మహిపాల్ నవ్వుతూ కవరును మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "ఇద్దరు వంటోళ్ళను పెట్టుకున్న మనిషికి నేను అడ్వాన్సిచ్చుడేంది? నిన్ను చిన్నజేసినట్లయితది. పని నీకే ఇస్తున్న, దాంట్ల మాట లేదు. పైసలంటవా, బట్టలన్ని కుట్టిచ్చినంక జూలైల ఒక్కసారే ఇస్త."

బండి చప్పుడు గల్లీ మలుపు దాటేదాకా ముగ్గురూ కవరు పోయిన దిక్కే చూస్తూ నిలబడ్డారు. అప్పుడు ఫరాకు ఏడుపు తన్నుకొచ్చింది. గోడ మీద నుంచి వెంకటమ్మ తల కనిపించింది.

"ఏమైంది బిడ్డా? పని పోయిందా?"

"లేదు పెద్దమ్మా. వచ్చింది," అంది ఫరా వెక్కుతూ.

వెంకటమ్మ ఆ మాట నమ్మలేదు. కాసేపటికి గోడ మీద పెరుగు గిన్నె పెట్టి చప్పుడు కాకుండా వెళ్ళిపోయింది.

"ఇగ మిషను పైసలు మొత్తం వంటింట్లకెళ్ళే తియ్యాలె," అంది ఫరా కళ్ళు తుడుచుకొని. "రెండు నెలలు కాదు, నాలుగు నెలలైనా చాలవు."

తాజ్‌బీ మిగిలిన ఖీమాను తన పళ్ళెంలోకి వంపుకుంటూ అంది: "రేపటి సంది ఒక్కపొద్దులుందాం. పుణ్యమొస్తది, గిన్నెలు రావు."