కుడివైపు మూడో ముల్లు

ఒక పెద్ద అడవిలో అక్షరాలన్నీ ఏకాంబరం తాత వీపు మీదే మొలిచేవి.

తాత ఏదుపంది. ఆయన రాల్చిన ముళ్లతోనే పులిరాజు కొలువులో గుమాస్తాలు ఆకుల మీద రాసేవాళ్లు. నా ముల్లు లేకపోతే ఈ అడవిలో చదువే లేదని, తాత ఏ పంక్తిలో కూర్చున్నా ఒకసారి అనకుండా లేచేవాడు కాదు. ఆయనకు మాత్రం చదువు రాదు. చిన్నప్పుడు కొంగ మాస్టారు ఒంటికాలి మీద నిలబెట్టిందని అలిగి, గుణింతం సగంలో వచ్చేశాడు. కూడబలుక్కుంటే ఒకటో రెండో మాటలు తెలుస్తాయి, అంతే.

అలకను తాత మరిచేవాడు కాదు. ఒక్కో పగకు ఒక్కో ముల్లు. మెడ దగ్గరిది కొంగ మాస్టారిది. తోక దగ్గరిది, పెళ్లివిందులో తనకు రెండో బంతిలో విస్తరి వేసిన జింకది. కుడివైపు మూడోది గిజిగాడిది. మిగతా ముళ్లు రాలినా వీటిని రాలనిచ్చేవాడు కాదు.

గిజిగాడు కొలువు మెట్ల పక్కన తుమ్మకొమ్మకు వేలాడుతూ, చిన్నాచితకా జంతువులకు పన్ను ఆకులు చదివిపెట్టి, జవాబు రాసిపెట్టే పిట్ట. పిడికెడు గింజలిస్తే చాలు. పన్నెండేళ్ల కిందట ఆ జింకల పెళ్లిలోనే, తాత శుభలేఖ చూస్తూ తలాడిస్తుంటే, "తాతా, ఆకు తలకిందులుగా పట్టుకున్నావు" అన్నాడు. మెల్లగానే అన్నాడు. కానీ పక్కన కోతి ఉంది.

ఈ ఏడు వేసవి మొదట్లో తాత బొరియ ముందు కొలువు ఆకు పడింది. పోయినేడు ఇలాంటి ఆకు వచ్చాకే ముంగిస బొరియకు ముళ్లకంప కొట్టారు. తాత పుట్టింది ఈ బొరియలో. వాళ్ల నాన్న పోయిందీ ఇందులోనే. ఆకు అటు తిప్పి ఇటు తిప్పి చూస్తే ఒక్క మాట దొరికింది. ప, న్ను. పన్ను.

"గిజిగాడికి చూపించవయ్యా, చిటికెలో చదువుతాడు," అంది భార్య చెంగమ్మ.

"బొరియ పోయినా సరే, వాడి కొమ్మ కిందికి వెళ్లను."

"బొరియ పోతే నీ పంతం ఎక్కడ పెట్టుకుంటావు, నా నెత్తినా?"

తాత ఆకు చంకలో పెట్టుకుని ముందు గోరింక వకీలు దగ్గరికి వెళ్లాడు. ఆకు బయటికి తీస్తే చదవమంటారేమోనని, పన్ను గొడవ అని నోటితోనే చెప్పాడు. గోరింక ఆకు అడగను కూడా లేదు. ఇది పులిరాజు గుహ దాకా వెళ్లే దావా అనీ, ఏడేళ్లు వాదిస్తాననీ, ఏడాదికో గంపెడు దుంపలనీ చెప్పింది. పోట్లాట అనగానే తాతకు నోరూరింది గానీ, ఏడు గంపలనేసరికి తడారిపోయింది.

తరవాత గుడ్లగూబ. ఏనుగుల కలప వ్యాపారానికి లెక్కలు తనిఖీ చేసే ఘనురాలు. ఒక కన్ను తెరిచి వంద గంపల ఆస్తి ఉందా అని అడిగి, లేదంటే ఆ కన్నూ మూసేసింది. తాత గుడ్లగూబకు కూడా ఒక ముల్లు కేటాయించి బయటపడ్డాడు.

తిరిగొస్తుంటే మద్దిచెట్టుకు ఒక పలక కనిపించింది. ప, న్ను. చంకలో ఆకు తీసి పోల్చుకున్నాడు. అవే అక్షరాలు. ఎవర్నీ అడక్కుండా తానే చదివి తానే కనిపెట్టినందుకు ఛాతీ విరుచుకుని లోపలికి నడిచాడు. ఆ పలక మీద ఉన్నది 'పన్ను వైద్యం' అనీ, అది వడ్రంగిపిట్ట దుకాణమనీ మిగతా అడవికంతా తెలుసు.

"ఏం తాతా, పన్ను కట్టాలా?" అంది వడ్రంగిపిట్ట, ముక్కు నూరుకుంటూ.

"కట్టడానికైతే నీదాకా ఎందుకు? తీసేయించాలి."

"ఎన్నాళ్లుగా బాధ?"

"పులిరాజు వాళ్ల తాత కాలం నుంచి."

"కదులుతోందా?"

"చెయ్యి తడపందే ఏది కదులుతుందమ్మా ఈ రోజుల్లో."

పెద్దవాడు, ఏదో సామెత చెప్పాడనుకుంది వడ్రంగిపిట్ట. "ఒకటా, రెండా?"

"మొత్తం. నా పేరు మీద ఒక్కటి మిగలకూడదు."

"మత్తు ఇవ్వనా?"

"నేను మెలకువగానే ఉంటా. మీ నిపుణుల్ని నమ్మను."

పన్నంటే ఆమాత్రం నొప్పి ఉంటుందిలే అని తాత మొదటి దెబ్బ ఓర్చుకున్నాడు. రెండో దెబ్బకు అనుమానం వచ్చింది. అప్పటికి మాట రాలేదు. దుంపలు కొరికే ముందుపళ్లు నాలుగూ పోయాయి.

పొరపాటయిందని ఒప్పుకోవడం తాత వంశంలోనే లేదు. ఆ నాలుగూ దొప్పలో వేసుకుని నేరుగా కొలువుకు వెళ్లాడు. గుమాస్తా తాబేలు తల ఎత్తలేదు.

"ఏమిటది?"

"పన్ను."

"ఎన్ని?"

"నాలుగు."

"అక్కడ పెట్టు." తాబేలు తాత ముల్లుతోనే రసీదు రాసిచ్చింది: పన్ను, నాలుగు, ముట్టినవి.

"మరి నా బొరియ?" అన్నాడు తాత బోసినోటితో.

బొరియ ఊసు ఎవరెత్తారని తాబేలు విసుక్కుంది. వచ్చిన ఆకులో ఏముందో చదవడం తన పని కాదనీ, మెట్ల పక్కన చదివించుకోమనీ చెప్పింది.

మెట్ల పక్కన ఉన్నది గిజిగాడొక్కడే. తాత ముళ్లన్నీ లేచి, మళ్లీ పడుకున్నాయి. చివరికి మొహం పక్కకు తిప్పుకుని ఆకు చాచాడు. గిజిగాడు అందుకుని, ఏమీ అనకుండా దాన్ని తలకిందులు చేసుకుని చదివాడు.

"ఏకాంబరం గారికి. పోయినేడు మీరు కట్టిన పన్ను ఎక్కువైంది. మీ కంద దుంపలు మూడు గంపలు పున్నమిలోగా వచ్చి పట్టుకెళ్లగలరు." చదివి, "దీనికి వకీలూ వద్దు, నేనూ వద్దు తాతా. గంప తెచ్చుకుంటే సరిపోయేది," అన్నాడు. ఇంత చిన్న పనికి గింజలు కూడా తీసుకోనన్నాడు.

మూడు గంపలూ ఇంటికొచ్చాయి. చెంగమ్మ ఒక్కో దుంపా రాతి మీద నూరి పెడుతూ, నవ్వు ఆపుకోవడానికి మొగుడికి వీపు తిప్పి కూర్చునేది. ఆ వారంలోనే తాత కుడివైపు మూడో ముల్లు రాలింది. దాన్ని తుమ్మకొమ్మ కింద, జారిపడిపోయినట్టుగా వదిలేసి వచ్చాడు. ఆ ఖాళీలో మొలిచినదాన్ని వడ్రంగిపిట్టకు కేటాయించాడు.

నీతి: పన్ను పనికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తోచకపోతే, ఎవడి మీద నీకు పాత పగ ఉందో వాడి దగ్గరికే ముందు వెళ్లు, నీకు నిజం చెప్పింది వాడొక్కడే.