జిగటాసుర వధ

వాన వెలిసి, తడిసిన కిటికీలకు అపరాహ్ణ భానుడు పసిడిపూత పూయుచున్న ఒకానొక ఆదివారమున, మూడవ అంతస్తు ఇంటి స్నానాలగదియందు, ప్లాస్టిక్ తొట్టియే రణరంగముగా ఒక మహాసంగ్రామము సంభవించెను.

ఆ రణనాయిక దంతపీడాపహారిణి, సహస్రదంతోత్పాటనవిఖ్యాత, ఆ వీధి పళ్ళ డాక్టరమ్మ. ఏబదవ పడి పొంచియున్న వేళ ఆమెకు స్లాక్‌లైన్ మీద మనసు పోయెను; అనగా, పార్కులో రెండు చెట్ల నడుమ బిగించిన నైలాను పట్టీపై నడచుట. మాసమంతయు బొక్కబోర్లా పడి, లేచి, మరల పడి, "రేపు పొద్దున ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకి చేరి తీరతాను" అని ఇంటిల్లిపాది యెదుట ప్రతిన పూనెను. అయితే పట్టీ నడుమ చెట్టుజిగురు చింతగింజంత నల్లముద్దయై, దుర్భేద్యదుర్గమువలె తిష్ఠవేసెను. దాని కింద పోగులు తెగెనో నిలిచెనో తెలియదు. తెగినచో పట్టీ చెత్తబుట్టపాలు, ప్రతిన నీటిపాలు.

గోరువెచ్చని నీట మెత్తని సబ్బు కలిపి, పట్టీని పిసికి పిసికి, ఆమె మట్టిసైన్యమును తొట్టి అడుగునకు తరిమెను. గడ్డిమరకలు కాలికి బుద్ధిచెప్పెను. జిగురు మాత్రము చెక్కుచెదరలేదు.

అంతట లాండ్రీ నడుపు అగ్రజ, సకలకళంకవిధ్వంసిని, బ్లీచు డబ్బాను గదవలె భుజమున దాల్చి గుమ్మమున నిలిచెను. అనుజ చేయెత్తి, మేఘగంభీరస్వరమున నిట్లు పలికెను:

"అక్కా, అది కింద పెట్టు. బ్లీచు తగిలితే పోగులు పుచ్చిపోతాయి."

"నా చేతిలో పోని మరక ఇంతవరకు పుట్టలేదే."

"మరక పోతుందిలే. ఆ వెనకే నేనూ పోతాను."

అగ్రజ డబ్బా దించెను. కాని అనుజకు పౌరుషము తలకెక్కి, పంటిగార పాలిటి పరశువైన వంకరకొన ఉక్కుపరికరమును సంచినుండి దూసెను. ఈసారి అక్క ఆమె మణికట్టు పట్టుకొనెను.

"నీ కొక్కెం లోపల పెట్టు. ఇది పన్ను కాదు, నేత. బాగున్న పోగును నువ్వే తెంపుతావు. రేపు పడేది నా చెల్లెలే కదా."

డాక్టరమ్మ రోషము సబ్బునురగవలె దిగెను. "మరేం చేద్దామంటావు?"

"చూయింగ్ గమ్ అంటుకున్న ప్యాంట్లకి మేం ఐసు పెడతాం. ముందే తట్టలేదు నాకు."

వెంటనే ఫ్రిజ్జు గర్భమునుండి హిమశకలములు వెడలెను. శీతలాస్త్రపీడితుడై జిగటాసురుడు బిగిసి, పెళుసుబారి, డాక్టరమ్మ బొటనవేలి గోటికి ఫెళ్ళున పగిలెను. ఆ గోరు సైతము అతనితోనే వీరస్వర్గమలంకరించెను. అక్కాచెల్లెళ్ళు తలలానించి, ఊపిరి బిగబట్టి చూచిరి. అక్క వేలితో రెండుమారులు నిమిరి, "అన్నీ ఉన్నాయే. ఒక్కటీ తెగలేదు," అనెను. చెల్లెలు తొట్టి పక్కన చతికిలబడి, తడిచేతులతోనే కళ్ళు తుడుచుకొనెను.

పిమ్మట పట్టీని ఎండ తగలకుండ హాలులో కుర్చీల మీదుగా ఈ గోడనుండి ఆ గోడకు ఆరవేసిరి. బయటినుండి వచ్చిన డాక్టరమ్మ భర్త దానికి కాలు తగిలి, పడబోయి నిలదొక్కుకొని అడిగెను:

"ఏంటిది, ఇల్లంతా?"

"మరక పోయింది," అనిరి ఇద్దరును ఒక్క గొంతుతో.

అతడు కళ్ళద్దములు సవరించుకొని, పట్టీని ఆ కొసనుండి ఈ కొసవరకు పరికించి, "ఏ మరక?" అనెను.

శత్రువు ఉండెనను జాడయే మిగలని ఆ దిగ్విజయమునకు ఇంతకు మించిన జయఘోష ముల్లోకములందును వినబడి యుండలేదు.